పదకొండో తరగతి, రెండో పీరియడు

ఆ పుస్తకం బరువు నా చేతులు ఇంకా మర్చిపోలేదు. వెయ్యి పేజీల పైమాటే. అట్ట తెరవగానే లోపలివైపు బడి ముద్ర, ముద్ర కింద గళ్ళు. ఏ ఏడాది, ఎవరి దగ్గర ఉంది, ఇచ్చినప్పుడు ఎలా ఉంది, తిరిగి తీసుకున్నప్పుడు ఎలా ఉంది. నాకంటే ముందు నలుగురు చదివారు. ఐదో గడిలో ఇంటిపేరుతో సహా నా పేరు రాస్తే చివరి రెండక్షరాలు గీత దాటి బయటికొచ్చాయి.

"రేపటికల్లా అందరూ అట్టలు వేసుకుని రావాలి" అన్నారు మాస్టారు. ఆ మాట వినగానే నాకు ప్రాణం లేచొచ్చినట్టయింది. విశాఖపట్నంలో ప్రతి జూన్‌లోనూ నాన్న ఖాకీరంగు కాగితం రోల్ తెచ్చేవారు. రాత్రి భోజనాలయ్యాక చాప పరిచి అందరం కూర్చుని అట్టలు వేసేవాళ్ళం. టెక్సాస్‌లో ఆ రోల్ ఎక్కడ దొరుకుతుందని అమ్మ కంగారు పడింది. తీరా చూస్తే ఇక్కడి పిల్లలు సరుకుల కొట్లో ఇచ్చే కాగితం సంచిని కోసి అట్ట వేసుకుంటారట. అదే ఖాకీరంగు, అదే వాసన. అమ్మ కత్తెరతో సంచి అంచులు కోసి, మూలలు మడిచి అచ్చం మన ఊళ్ళో వేసినట్టే వేసింది.

అది 2001 ఆగస్టు. డాలస్ పక్కనే ఉన్న ఇర్వింగ్‌లో మా అపార్ట్‌మెంటు. తొమ్మిదో తరగతి వైజాగ్‌లో పూర్తిచేసి 2000 జూన్‌లో ఇక్కడికొచ్చాం. టెక్సాస్ బడుల్లో అమెరికా చరిత్రను రెండు ముక్కలు చేసి చెబుతారు. మొదటి ముక్క ఎనిమిదో తరగతిలో, 1877 తర్వాతది పదకొండో తరగతిలో. అంటే వాషింగ్టన్, లింకన్, అంతర్యుద్ధం ఇవేవీ తెలియకుండానే నేను ఆ గదిలో కూర్చున్నాను. ఇంటర్వెల్ అయ్యాక హాల్లోకి వెళ్ళి సినిమా చూస్తున్నట్టుండేది. హీరో ఎవరో, వాళ్ళకీ వీళ్ళకీ పగ ఎందుకొచ్చిందో పక్కవాళ్ళని అడగాలి.

మా మాస్టారికి ఫుట్‌బాల్ జట్టు పని కూడా ఉండేది. టెక్సాస్‌లో అది మామూలే, చరిత్ర చెప్పేవాళ్ళలో చాలామంది కోచ్‌లే. పిల్లలంతా ఆయన్ని "కోచ్" అనేవాళ్ళు. నాకు నోరు రాలేదు. ఏడాదంతా "సర్" అనే పిలిచాను. అప్పటికి ఆయనకి యాభై దాటి ఉంటాయి. భారీ మనిషి, గొంతు మాత్రం మెత్తన. బల్ల వెనక గోడ మీద ఒక చిన్న ఫ్రేము ఉండేది. తెల్లకాగితం, దాని నిండా పెన్సిల్ రుద్దిన నలుపు, ఆ నలుపులో తెల్లగా తేలిన ఒక పేరు. అదేమిటో మొదట్లో నాకు తెలియదు.

మొదటివారం మొత్తం ఆయన ఆ ఒక్క 1877 మీదే ఉన్నారు. అంతర్యుద్ధం అయ్యాక దక్షిణాదిలో నల్లజాతి వాళ్ళకి ఓటుహక్కు వచ్చింది, కొందరు చట్టసభలకి కూడా వెళ్ళారు, కేంద్ర సైన్యం అండగా ఉన్నన్నాళ్ళు కొంత నిలబడ్డారు. 1877లో ఆ సైన్యం అండ తీసేశారు. ఆ తర్వాత వాళ్ళలో ఎక్కువమందికి ఆ హక్కు దాదాపు తొంభై ఏళ్ళు కాగితం మీదే ఉండిపోయింది. "పుస్తకం ఇక్కడ మొదలైంది కదా అని కథ ఇక్కడే మొదలైందనుకోకండి" అన్నారు. ఇంటర్వెల్ తర్వాత వచ్చిన నాకోసమే ఆ మాట అన్నారనిపించింది.

వైజాగ్‌లో మాకు సోషల్ అంటే "కారణములు, ఫలితములు". ఐదు కారణాలు, ఐదు ఫలితాలు, కింద గీత. నేను బాగానే రాసేదాన్ని, మార్కులూ బాగానే వచ్చేవి. ఇక్కడ కోచ్ ఒక ఉత్తరమో, పాత ప్రకటనో, ఫోటోనో చేతికిచ్చి ఇది ఎవరు ఎవరికోసం చేశారు, ఎందుకు చేశారు అని అడిగేవారు. నాకు మొదట్లో ఏం రాయాలో తోచేది కాదు. న్యూయార్క్‌లో ట్రయాంగిల్ జాకెట్ల ఫ్యాక్టరీ తగలబడిన పాఠం చెప్పిన రోజున నాకు ఆ పద్ధతి ఒంటబట్టింది. 1911 మార్చి 25. 146 మంది చనిపోయారు. చాలామంది ఇటలీ నుంచి, తూర్పు యూరప్ నుంచి వలస వచ్చిన ఆడపిల్లలు. తొమ్మిదో అంతస్తులో ఒక తలుపుకి తాళం వేసి ఉంది. ఇంతవరకూ పుస్తకంలో ఉంది. కోచ్ ఒక కాగితం తీసి వాళ్ళ పేర్లు కాదు, వయసులు చదవడం మొదలుపెట్టారు. పదహారు. పద్దెనిమిది. ఇరవై రెండు. పదిహేడు. పద్నాలుగు. మా గదిలో అందరివీ పదహారూ పదిహేడే. చదవడం అయ్యేదాకా ఒక్కరూ కదల్లేదు.

కానీ అది అక్టోబరులో. దానికంటే ముందు సెప్టెంబర్ 11 వచ్చింది.

మంగళవారం. మా రెండో పీరియడు మొదలయ్యేసరికే మొదటి టవర్ నేలమట్టమైంది. గదిలో మూలన పైన బిగించిన టీవీ నడుస్తోంది. కోచ్ హాజరు పట్టీ తీయలేదు. తొమ్మిదిన్నర కావస్తుండగా రెండోది కూడా కళ్ళముందే కూలిపోయింది. ఒకమ్మాయి వెక్కిళ్ళు పెడుతోంది. కాసేపటికి కోచ్ టీవీ గొంతు తగ్గించి, బోర్డు మీద ఆనాటి తేదీ వేసి, అందరికీ తెల్లకాగితాలు పంచారు. "ఇప్పుడు మీరు చూస్తున్నది, వింటున్నది, అనుకుంటున్నది రాయండి. టైము వేయండి. తప్పులు దిద్దుకోకండి. ఇరవై ఏళ్ళ తర్వాత ఎవరో ఒకరు మిమ్మల్ని ఈ రోజు గురించి అడుగుతారు."

నేను రెండు వాక్యాలు ఇంగ్లిష్‌లో రాశాను. తర్వాత నాకు తెలియకుండానే తెలుగులోకి వెళ్ళిపోయాను. "నాన్న ఈ వారం ఎక్కడున్నారో గుర్తు రావడం లేదు. డాలస్‌లోనే అనుకుంటా. అమ్మ ఒక్కతే ఇంట్లో ఉంది." ఇచ్చేటప్పుడు కోచ్ ఆ అక్షరాల వైపు చూశారు. ఇంగ్లిష్‌లో రాయమని అనలేదు.

ఆ తర్వాతి వారాల్లో అమ్మ బొట్టు చిన్నదైంది. ఎవరూ ఏమీ అనలేదు, తనే మార్చింది. కుంకుమ బొట్టు పోయి స్టిక్కరు వచ్చింది, స్టిక్కరు చిన్నదై ఆవగింజంతయింది, సరుకులకి వెళ్ళేటప్పుడు అదీ తీసి అద్దానికి అంటించి వెళ్ళేది. అక్టోబరు మొదట్లో మాకు అరగంట దూరంలోని మెస్కీట్‌లో గ్యాస్ స్టేషన్ నడిపే గుజరాతీ ఆయన్ని ఒకడు తుపాకీతో కాల్చి చంపాడు. ఏక్తా మందిర్‌లో ఆదివారం అందరూ అదే మాట్లాడుకున్నారు. మా అమ్మానాన్నలు నాకు వినపడకుండా మాట్లాడుకోవాలని చూసేవారు. రెండు గదుల ఇల్లు, వినపడేది.

ఆ వారమే కోచ్ వరస తప్పించి, నాలుగు నెలల తర్వాత చెప్పాల్సిన పాఠం ముందుకు తెచ్చారు. 1942 ఫిబ్రవరి 19న అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ సంతకం పెట్టిన 9066వ ఉత్తర్వు. పెర్ల్ హార్బర్ మీద జపాన్ దాడి చేసిన పది వారాలకి వచ్చిన ఆ ఉత్తర్వుతో, పడమటి తీరంలో ఉన్న జపనీస్ మూలాల వాళ్ళని ఇళ్ళలోంచి లేపి ముళ్ళకంచెల మధ్య శిబిరాల్లో పెట్టారు. సుమారు 1,20,000 మంది. అందులో మూడింట రెండొంతులు ఈ దేశంలో పుట్టిన పౌరులే. మన టెక్సాస్‌లోనూ క్రిస్టల్ సిటీలో కుటుంబాలతో సహా ఉంచిన శిబిరం ఉండేదని చెప్పారు. కోర్టుకెక్కిన ఫ్రెడ్ కోరెమాట్సు కేసులో 1944లో సుప్రీంకోర్టు కూడా ప్రభుత్వం వైపే నిలిచింది. 1988లో ప్రభుత్వం క్షమాపణ చెప్పి, బతికున్న ఒక్కొక్కరికీ ఇరవై వేల డాలర్లు ఇచ్చింది. కోచ్ ఆ రోజు మెస్కీట్ పేరు ఎత్తలేదు, నావైపు చూడనూ లేదు. ఎత్తనందుకు, చూడనందుకు నేను ఆయనకి రుణపడి ఉన్నాను. ఆ గదిలో ఆ వారం నేను నలుగురిలో ఒకదానిగా కూర్చుని వినగలిగాను.

నవంబరులో నాన్న ఉద్యోగం పోయింది. టెలికాం కంపెనీలు వరసగా మనుషుల్ని తీసేస్తున్న ఏడాది అది. హెచ్1బి మీద ఉన్నవాళ్ళు ఉద్యోగం పోతే ఎన్నాళ్ళు ఉండొచ్చో ఎవరికీ సరిగ్గా తెలియదు. ఒకరు పది రోజులనేవారు, ఇంకొకరు నెల అనేవారు. ఫోను మోగితే అమ్మ కళ్ళు మూసుకునేది. అయినా నాన్న రోజూ ఎప్పటిలాగే తెల్లారి లేచి స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా టక్ చేసుకుని, బెల్టు పెట్టుకుని డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చునేవారు. ఎందుకిలా తయారవుతున్నారని నాకు లోపల కోపంగా ఉండేది. ఎక్కడికీ వెళ్ళేది లేదు కదా.

సరిగ్గా అప్పుడే మహామాంద్యం పాఠం నడుస్తోంది. 1929 అక్టోబరు 29న స్టాక్ మార్కెట్ కూలడం, బ్యాంకులు మూతపడడం, 1933కల్లా పనిచేసే నలుగురిలో ఒకరికి పని లేకపోవడం. 1933 మార్చి 12న రూజ్‌వెల్ట్ రేడియోలో మాట్లాడిన టేపు కోచ్ వినిపించారు. బ్యాంకులో వేసిన మన డబ్బు ఏమవుతుందో పక్కింటి పెద్దాయన అరుగు మీద కూర్చుని విడమరిచి చెబుతున్నట్టుండేది ఆ గొంతు. తర్వాత ఒక ఫోటో ప్రొజెక్టర్ మీద వేశారు. ఉచితంగా పెట్టే రొట్టె కోసం వీధిలో నిలబడ్డ మగవాళ్ళ వరస. "ఇందులో మీకేం కనిపిస్తోంది?" అని అడిగారు. ఆకలి అన్నారొకరు. చలి అన్నారొకరు. నేను చెయ్యెత్తాను. ఏడాదిన్నరలో నా అంతట నేను చెయ్యెత్తడం అదే మొదటిసారి. "అందరూ టోపీ పెట్టుకున్నారు సర్. కోటు గుండీలు పెట్టుకున్నారు. ఆఫీసుకి వెళ్ళేవాళ్ళలా ఉన్నారు" అన్నాను. కోచ్ ఫోటో వైపు తిరిగి చాలాసేపు చూశారు. "అవును" అన్నారు. ఆ సాయంత్రం ఇంటికెళ్ళి నాన్న చొక్కాలు మర్నాటికి నేనే ఇస్త్రీ చేశాను.

జనవరి ఆఖరున నాన్నకి ఇంకో ఉద్యోగం దొరికింది. జీతం తక్కువే. అమ్మ ఏక్తా మందిర్‌లో కొబ్బరికాయ కొట్టించింది.

1960ల పాఠాలు వచ్చేసరికి కోచ్ గోడ పొడుగునా తెల్లకాగితం చుట్ట అంటించి, సంవత్సరాల వారీగా గళ్ళు గీశారు. ఒక్కొక్కరికీ ఒక్కో తేదీ ఇచ్చి రాయమన్నారు. 1965 మార్చి 7, అలబామాలోని సెల్మా ఊళ్ళో ఓటుహక్కు కోసం నడిచిన వాళ్ళని ఎడ్మండ్ పెటస్ వంతెన మీద పోలీసులు చావబాదిన ఆదివారం. అది ఒకబ్బాయికి వచ్చింది. ఆగస్టు 6, ఓటుహక్కు చట్టం మీద అధ్యక్షుడు జాన్సన్ సంతకం, నా పక్కనమ్మాయికి. నాకు అక్టోబరు 3 ఇచ్చారు. లైబ్రరీలో వెతికితే తెలిసింది, ఆ రోజున జాన్సన్ లిబర్టీ విగ్రహం పాదాల దగ్గర కొత్త వలస చట్టం మీద సంతకం పెట్టాడు. అప్పటిదాకా ఏ దేశం నుంచి ఎందరు రావచ్చో పుట్టుక చూసి కోటా వేసేవారు. ఇండియా వాటా 1946 చట్టం ప్రకారం ఏడాదికి వంద మంది. అంతకుముందు, 1923లో, భగత్ సింగ్ థిండ్ అనే పంజాబీ, మొదటి ప్రపంచయుద్ధంలో అమెరికా సైన్యంలో పనిచేసినవాడు, పౌరసత్వం కోసం సుప్రీంకోర్టు దాకా వెళ్తే నువ్వు తెల్లవాడివి కాదు పొమ్మంది కోర్టు. 1965 చట్టం ఆ కోటాలు తీసేసి, మనవైపు దేశాలకీ మిగతా వాటితో సమానంగా ఇరవై వేల పరిమితి పెట్టింది.

గోడ మీద నా తేదీ రాశాక కోచ్ నన్ను వెనక్కి వచ్చి మొత్తం ఒకసారి చూడమన్నారు. మార్చి, ఆగస్టు, అక్టోబరు. మూడు గళ్ళూ ఒకే బారున, జానెడు దూరంలో. "ఆ వంతెన మీద వాళ్ళు నడవకపోయి ఉంటే నీ గడిలో ఏముండేదో ఆలోచించు" అన్నారు.

ఇంటికొచ్చి చెబితే నాన్న ముందు సర్దబోయారు. "నా వీసా 1990 చట్టంలో పుట్టింది కదమ్మా, అది వేరు" అన్నారు. మాటల్లో నిజం ఉంది. కానీ రాత్రి అన్నం తింటూ తనే మళ్ళీ ఎత్తారు. "గుళ్ళో డెబ్భైల్లో వచ్చిన డాక్టర్లు ఉన్నారు చూడు, వాళ్ళంతా ఆ తలుపులోంచి వచ్చినవాళ్ళే. వాళ్ళు లేకపోతే గుడీ లేదు. మనకి దిగిన మొదటివారం పప్పూ బియ్యం తెచ్చిచ్చిందీ వాళ్ళే." తర్వాత ఒక్క నిమిషం ఆగి, "వంతెన పేరేమన్నావ్?" అని అడిగారు.

మార్చిలో డాలస్ తీసుకెళ్ళారు, కెనెడీని కాల్చిన చోటికి. బస్సులో పావుగంట. 1963 నవంబరు 22 మధ్యాహ్నం పన్నెండున్నరకి ఓస్వాల్డ్ ఆరో అంతస్తు కిటికీలోంచి కాల్చాడు. ఇప్పుడు ఆ అంతస్తు మ్యూజియం. మూలన కిటికీ దగ్గర చుట్టూ గాజు కట్టి, లోపల ఆనాడు ఎలా ఉన్నాయో అలాగే అట్టపెట్టెలు పేర్చి ఉంచారు. వాడు ఆ పెట్టెల చాటున కూర్చున్నాడు. ఏం పెట్టెలవి అని దగ్గరికెళ్ళి చూస్తే పాఠ్యపుస్తకాల పెట్టెలు. ఆ భవనం అప్పట్లో టెక్సాస్ బడి పుస్తకాల గిడ్డంగి. నా భుజాన సంచిలో సరుకుల కాగితం అట్ట వేసిన నా పుస్తకం ఉంది. ఏమిటోగా అనిపించింది. ఆ ముందురోజు రాత్రి ఓస్వాల్డ్ పడుకున్నది మా ఇర్వింగ్‌లోనే అని కోచ్ అక్కడే చెప్పారు. భార్య, పిల్లలు ఉంటున్న ఇంటికి వచ్చి, పొద్దున పెళ్ళి ఉంగరం తీసి అక్కడ పెట్టి, తోటి పనివాడి కారెక్కి వెళ్ళాడు. ఆ ఇల్లు మా అపార్ట్‌మెంటుకి ఎంతో దూరం లేదు. తర్వాత చాలా ఏళ్ళకి ఇర్వింగ్ నగరం దాన్ని కొని మ్యూజియం చేసింది. నేను నా పిల్లల్ని తీసుకెళ్ళాను. మామూలు ఇల్లు, మామూలు వంటగది.

వియత్నాం పాఠం రోజున కోచ్ బల్ల మీద పెద్ద గాజు జాడీ పెట్టారు. లోపల నీలం కాగితం ఉండలు. 1969 డిసెంబర్ 1 రాత్రి టీవీలో దేశమంతా చూస్తుండగా ఇలాంటి జాడీలోంచే 366 నీలం గొట్టాలు ఒక్కొక్కటే తీశారు. ఒక్కో దాంట్లో ఒక తేదీ. మొదట వచ్చిన తేదీన పుట్టినవాడు సైన్యానికి మొదట వెళ్ళాలి. మొదట వచ్చింది సెప్టెంబర్ 14. ఆఖరుది జూన్ 8. చివరికి 195వ నంబరు దాకా పిలిచారు. మగపిల్లలంతా తమ పుట్టినరోజు చెప్పాలి, ఆడపిల్లలం అన్నదో తమ్ముడిదో చెప్పాలి. కోచ్ అసలు జాబితాలో చూసి నంబరు చెబుతారు. మూడొందలు దాటినవాళ్ళు గట్టిగా ఊపిరి వదిలారు. ఆట అని అందరికీ తెలుసు, అయినా వదిలారు.

మా తమ్ముడిది ఏప్రిల్ 24. కోచ్ జాబితా చూడాల్సిన పనే లేకపోయింది. "రెండు" అన్నారు.

సాయంత్రం ఇంటికెళ్ళేసరికి వాడు సోఫాలో కాళ్ళు పైకి పెట్టుకుని కార్టూన్ చూస్తూ, గిన్నెలో మరమరాలు తింటున్నాడు. పన్నెండేళ్ళు. మోచేతికి సైకిల్ మీంచి పడ్డ దెబ్బ, దాని మీద అమ్మ రాసిన పసుపు. ఏమిటే అలా చూస్తున్నావ్ అన్నాడు. ఏమీలేదురా అన్నాను. వాడి పక్కనే కూర్చుని కార్టూన్ అయ్యేదాకా చూశాను.

ఆ రోజు క్లాసులో ఒకబ్బాయి, "మీ నంబరెంత కోచ్?" అని అడిగాడు. "నేను లాటరీకి ముందే వెళ్ళొచ్చాను" అన్నారు ఆయన. అంతే. తర్వాత వాషింగ్టన్‌లోని వియత్నాం గోడ గురించి చెప్పారు. దాన్ని రూపుదిద్దిన మాయా లిన్ అప్పటికి ఇరవై ఒక్కేళ్ళ విద్యార్థిని, ఆ నల్లరాయి మీద యాభై ఎనిమిది వేలకి పైగా పేర్లు, వెళ్ళినవాళ్ళు కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది తమవాళ్ళ పేరు ఇంటికి తెచ్చుకుంటారని. మా చూపులన్నీ ఒక్కసారిగా బల్ల వెనక ఫ్రేము మీదికి పోయాయి. ఎవరూ నోరు విప్పలేదు.

ఆ ఏడాదికి ఆఖరి పని, ఇంట్లో పెద్దవాళ్ళని ఎవరినైనా 1945 తర్వాతి అమెరికా గురించి అడిగి, టేపు చేసి, రాసి తేవడం. "మావాళ్ళు ఇక్కడ లేరు సర్, ఇండియాలో ఉన్నారు" అన్నాను. "అమెరికా అక్కడికి వెళ్ళలేదా?" అని అడిగారు కోచ్.

తాతయ్య విశాఖ పోర్టులో గుమాస్తాగా చేసి రిటైరయ్యారు. అయిదు డాలర్ల ఫోను కార్డు కొని, గీకి, నంబర్లన్నీ నొక్కి, స్పీకరు పెట్టి, పక్కన టేపురికార్డరు పెట్టాను. తాతయ్య మొదలుపెట్టడమే గోధుమలతో మొదలుపెట్టారు. 1965, 66 కరువు. అమెరికా నుంచి ఓడల్లో గోధుమలొచ్చేవి. ఆ గోధుమలు పంపిన అమెరికా చట్టం పేరు, పీఎల్ 480 అనే మాట, ఆయన నోటి వెంట ఇంటిపేరులా వచ్చేసింది. "మనం అన్నం తినేవాళ్ళం కదమ్మా, గోధుమలేటి చేసుకోవాలో మీ నానమ్మకి తెలీదు. మర ఆడించి రవ్వ ఉప్మా చేసేది. వారానికి నాల్రోజులు అదే." ఇటు నుంచి నాన్న అందుకున్నారు. బడిలో కేర్ అనే అమెరికా సహాయ సంస్థ వాళ్ళ మొక్కజొన్న ఉప్మా, అమెరికా పాలపొడి. పొడి అరచేతిలో వేయించుకుని నాలుకతో అద్దుకుంటే అంగిట్లో అతుక్కుపోయేదట, బడి గంట కొట్టేదాకా నాలుకతో గీకుతూనే ఉండేవారట. నాన్న అంతలా నవ్వడం ఆ ఏడాదిలో నేను చూడలేదు. ఆ ఓడల్ని జాన్సన్ నెలనెలా లెక్క చూసుకుని, వియత్నాం మీద మనవాళ్ళ మాటలు నచ్చక బిగించి బిగించి వదిలేవాడని తర్వాత చదివాను. నా గోడ మీద అక్టోబరు 3 సంతకం పెట్టినవాడూ ఆయనే. ఒకే మనిషి.

తర్వాత 1971. డిసెంబరు. విశాఖలో రాత్రిళ్ళు దీపాలార్పేవారు, కిటికీలకి నల్లకాగితాలు అంటించేవారు. 3వ తేదీ అర్ధరాత్రి పెద్ద చప్పుడు, కిటికీ అద్దాలు అదిరాయి. తర్వాత తెలిసింది, రేవు ముందే పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మునిగిందని. అది నాకు చిన్నప్పటి నుంచీ తెలిసిన కథే. బీచ్ రోడ్డులో విక్టరీ ఎట్ సీ స్థూపం దగ్గర ఐస్‌క్రీము తింటూ పెరిగాం. కానీ తాతయ్య ఆ తర్వాత రోజులే ఎక్కువ చెప్పారు. అధ్యక్షుడు నిక్సన్ ఎంటర్‌ప్రైజ్ అనే విమానవాహక నౌకని బంగాళాఖాతానికి పంపాడన్న వార్త రేడియోలో విని, పోర్టులో పనివాళ్ళు సముద్రం వైపు చూస్తూ నిలబడ్డారట. "ఆరేళ్ళ కిందట గోధుమలు పంపినోళ్ళే ఇప్పుడు యుద్ధనౌక పంపుతున్నారేటని."

నా వెయ్యి పేజీల పుస్తకంలో నిక్సన్ చైనా వెళ్ళడం ఉంది, వాటర్‌గేట్ ఉంది, 1974 ఆగస్టులో రాజీనామా ఉంది. డిసెంబర్ 1971 బంగాళాఖాతం లేదు. కోచ్‌కి చెబితే, తనకీ తెలియదన్నారు. మాస్టారు "నాకు తెలియదు" అనడం నేను అంతకుముందు వినలేదు. "ఆ జలాంతర్గామి ఎక్కడ తయారైందో చూశావా?" అని మాత్రం అడిగారు.

లైబ్రరీలో అమెరికా నౌకాదళం ఓడల చరిత్ర సంపుటాలుంటే తిరగేశాను. మధ్యాహ్నమంతా పట్టింది. ఘాజీ అసలు పేరు డయాబ్లో. 1944లో అమెరికాలో, పోర్ట్స్‌మత్ నేవీ యార్డులో జలప్రవేశం చేసింది. జపాన్ మీద యుద్ధానికి బయల్దేరి దారిలో ఉండగానే యుద్ధం అయిపోయింది. 1964లో పాకిస్తాన్ చేతికిచ్చారు. చిన్నప్పుడు నేను గవ్వలేరుకున్న తీరానికెదురుగా నీళ్ళడుగున ఉన్నది, నేనిప్పుడు చదువుతున్న చరిత్రలో ఒక ముక్క. అది ఎలా మునిగిందన్నది మనవాళ్ళు ఒకటి చెబుతారు, పాకిస్తాన్ వాళ్ళు ఇంకొకటి. దాంట్లో ఉన్నవాళ్ళకి ఎన్నేళ్ళో నాకు ఎక్కడా దొరకలేదు. కోచ్ వయసులు చదివిన రోజు తర్వాత నేను ఏది చదివినా ముందు అదే వెతుకుతాను. డయాబ్లో అంటే ఏమిటని నా పక్కనమ్మాయిని అడిగాను, వాళ్ళది మెక్సికో నుంచి వచ్చిన కుటుంబం. "దెయ్యం" అంది.

మే ఆఖర్న పుస్తకాలు తిరిగిచ్చే రోజు కోచ్ సెప్టెంబర్ 11 కాగితాలు ఎవరివి వాళ్ళకి ఇచ్చేశారు. నాది ఇప్పటికీ నా దగ్గరుంది. నా పుస్తకం అమ్మ వేసిన అట్ట తీసి చూసి, లోపలి గడిలో "బాగుంది" అని రాశారు. నా వెనక ఇంకా పదిమంది వరసలో ఉన్నారు. "థాంక్యూ సర్" అని వచ్చేశాను.

టేపు కూడా ఉంది. తాతయ్య 2009లో పోయారు. మొన్న మా తమ్ముడు దాన్ని కంప్యూటర్లోకి ఎక్కించి పంపితే విన్నాను. అందులో రెండో ఫోను కూడా ఉంది, డయాబ్లో సంగతి చెప్పడానికి చేసింది. చెప్పగానే తాతయ్య చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "దెయ్యమనా పేరెట్టారు!" అన్నారు. తర్వాత మా మాస్టారి గురించి అడిగారు. ఆయన యుద్ధానికి వెళ్ళొచ్చారని, గోడ మీద ఒక పేరుందని చెప్పాను.

"ఆ పేరెవరిదో అడిగావేటమ్మా?"

"లేదు తాతయ్యా."

"నన్ను ఇన్ని అడిగావు. ఆయన్ని ఎందుకడగలేదూ..."

నేనేదో అనబోతున్నాను, ఊపిరి పీల్చడం వినిపిస్తుంది. ఇంతలో ఫోను కార్డు ఆవిడ గొంతు అడ్డం వచ్చి, ఇంకొక్క నిమిషమే ఉందని చెబుతుంది.